తెలిసి చేసిన తప్పులు

తప్పు పట్టడంతోనే వాళ్ళ పరిచయం మొదలైంది.

ఆమె తండ్రితో కలిసి బైండింగ్ షాపు నడుపుతుంది. ఒక మధ్యాహ్నం ఫోన్ తిరగేస్తుంటే ఎవరో ప్రోగ్రామర్ పెట్టుకున్న సొంత వెబ్‌సైట్ కంటబడింది. కంప్యూటర్ సంగతులు, కుండీలో టమాటాలు, పాత రేడియోల మరమ్మతు, అన్నీ కలగాపులగం. చివర్లో, తను కుట్టుకున్న నోటుపుస్తకాల ఫోటోలు. అట్టలు వంకరపోతున్నాయనీ, తప్పంతా వానదేననీ రాశాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. వానని ఆడిపోసుకోవద్దనీ, అట్టలో నార ఒక దిక్కుకే ఉంటుందనీ, అది పుస్తకం వెన్ను వెంబడి వచ్చేలా కోయాల్సింది అడ్డంగా కోశారనీ మెయిల్ రాసి, కింద షాపు చిరునామా పెట్టింది.

ఆ సైట్‌లో తప్పొప్పుల పేజీ ఒకటుంది. ఎవరు ఏ తప్పు చూపించినా తేదీ వేసి అందులో ఎక్కిస్తాడు. గంట తిరక్కుండా కొత్త వరుస చేరింది: "వాన నిర్దోషి. దిద్దినవారు: బైండరు గారు."

ఆమెకి నవ్వాగలేదు.

ఆ శనివారం అతనే షాపుకొచ్చాడు. బయట జోరువాన. తను తడిసి ముద్దయ్యాడు గానీ చొక్కాలో దాచిన పుస్తకం మీద చుక్క పడలేదు. అది చూసి ఆమె తండ్రి కుర్చీ జరిపాడు. ఆ తర్వాత ప్రతి శనివారమూ వచ్చాడు, నేర్చుకున్నాడు. చెయ్యి కుదురుతున్నకొద్దీ ఆమెకి గర్వంతోపాటు చిన్న దిగులూ మొదలైంది. అన్నీ వచ్చేస్తే ఇక రావడానికి పనేముంటుంది?

ఉన్నట్టుండి అతని పని చెడింది. ఒక వారం కుట్టు వదులు. మరో వారం జిగురు ఉండలు. ఆ తర్వాత, మళ్ళీ అడ్డంగా కోసిన అట్ట.

"ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తున్నారా?"

"అది కాదండీ..."

"మీకిది కాలక్షేపం. మాకు బతుకు. మనసు పెట్టలేకపోతే రాకండి."

అతను పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు శనివారాలు రాలేదు. రెండో శనివారం ఆమె ఒక అట్టని తలకిందులుగా అతికించింది. తండ్రి మెల్లగా ఊడదీస్తూ, "ఇవాళ నువ్వే ఆ తప్పొప్పుల పేజీకి ఎక్కేలా ఉన్నావమ్మా" అన్నాడు.

సోమవారం అతని సైట్ నుంచి మెయిల్ వచ్చింది. సైట్‌లో కొత్త పేజీ పెట్టగానే పాఠకులందరికీ దానంతటదే పంపే ప్రోగ్రామ్ అతను రాసుకున్నాడు. చిత్తుప్రతుల్ని వదిలెయ్యమని దానికి చెప్పడం మాత్రం మరిచాడు. పైన "చిత్తు. ఎవరికీ చూపించకూడదు" అని ఉంది. కింద:

"వదులు కుట్టు, తెలిసి చేసింది. జిగురు ఉండలు, తెలిసి చేసినవే. అడ్డంగా కోసిన అట్ట, అదీ అంతే. అన్నీ సరిగ్గా చేస్తే నా శనివారాలు అయిపోతాయి. ఈ మాట ఆమెకి చెప్పలేను. ఆమెకి కావలసింది మంచి పుస్తకం, నేను కాదు."

ఆమె మూడుసార్లు చదివి ఫోన్ తండ్రికిచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఆ అట్ట చూసినప్పుడే అనుకున్నా. అంత కొలిచినట్టు తప్పుగా కోయాలంటే చెయ్యి బాగా తిరిగుండాలి."

"మరి నాతో అనలేదేం నాన్నా?"

"తప్పులు పట్టేది నువ్వు కదమ్మా."

ఆమె జవాబు రాసింది. "మీ పేజీలో చివరి వాక్యం తప్పు."

అరగంటలో అతను గుమ్మంలో ఉన్నాడు. శనివారం కాదు, చేతిలో పుస్తకం లేదు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అది ఎంతమందికి వెళ్ళింది?" అందామె.

"నలభై ఒక్కమందికి. అందులో మా అమ్మ ఒకరు. మీ షాపుకి దారి చెప్పమని ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది." చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "చివరి వాక్యం ఎలా ఉండాలండీ?"

ఆమె చేతిలో సూదికి దారం ఎక్కలేదు. పక్కన పెట్టేసింది.

"పుస్తకమూ మంచిగా ఉండాలి. మీరూ కావాలి."

"అయితే... శనివారాలు?"

"మిగతా రోజులేం పాపం చేశాయి?"

తండ్రి వెనక్కి తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న కత్తిని తుడవడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి తప్పొప్పుల పేజీలో కొత్త వరుస చేరింది: "చివరి వాక్యం పూర్తిగా తప్పు. దిద్దినవారు: బైండరు గారు. సాక్షి: వాళ్ళ నాన్నగారు."