తాడు రెండో కొస

ఎనిమిది డ్రాయింగు షీట్లు అంటించి, వెనక గుడ్డ వేసి, మా ప్రాంతానికి గుమ్మమంత పటం తయారు చేశారు నారాయణరావుగారు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పేవారు. 1985 వేసవిలో ఆ పటం నూజివీడులో మా రీడింగ్ రూము గోడ మీద ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో పాత సమాధి, దిగుడుబావి, రాతి మీద అక్షరాలు, ఏది కనబడినా ఒక కార్డు ముక్క రాసి పంపమని ఊరూరా చెప్పారాయన. పోస్టుమేన్లు పంపారు, టీచర్లు పంపారు, తోటల కాపలావాళ్ళు ఎవరిచేతో రాయించి పంపారు. అలా పదిమంది చేతుల మీదుగా పటం పెరిగింది.

అయితే కార్డు రాగానే పటం మీద చుక్క పెట్టేయరు. ఇద్దరు వెళ్ళి చూడాలి, కొలవాలి, ఇద్దరూ తెల్లకార్డు మీద సంతకం చెయ్యాలి. అది నారాయణరావు మాస్టారి రూలు.

ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను, వీరరాఘవయ్యని, డ్రాయింగు మాస్టర్ని. రెండోవాడు జోజిబాబు, ముసునూరు స్కూల్లో లెక్కల మాస్టారు. ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం. నాకు తోబుట్టువులు లేరు. వాడున్నాడు కదా అనుకునేవాణ్ణి.

మా కొలత ఇలా ఉండేది. రోడ్డు పక్క మైలురాయి దగ్గర తాడు కొస పట్టుకుని జోజి నిలబడతాడు. ముడులు లెక్కపెట్టుకుంటూ నేను తోటలోకి నడుస్తాను. మామిడితోటలో నాలుగు వరసలు దాటితే మనిషికి మనిషి కనబడడు. అందుకని ప్రతి యాభై ముడులకీ నేను "ఉన్నావా?" అని అరవాలి. వాడు "ఉన్నా" అనాలి. వాడు కదిలితే కొలత తప్పుతుంది. కొలత తప్పితే చుక్క తప్పుతుంది.

రెండేళ్ళలో ముప్పై ఒక్క చోట్లు అలాగే కొలిచాం. వాడు ఒక్కసారి కూడా పలకకుండా లేడు. "ఎంత లోపలికి పోయినా నీ గొంతు పక్కనే ఉన్నట్టుంటుందిరా" అని మెచ్చుకునేవాణ్ణి. వాడు నవ్వి నేల చూసేవాడు. కార్డులు తీసుకెళ్ళి మాస్టారి పెట్టెలో వెయ్యడం కూడా వాడి పనే.

ముప్పై రెండోది రెడ్డిగూడెం వైపు ఒక పాత చిన్నరసాల తోటలో పాతర. పూర్వం ధాన్యం దాచుకోవడానికి తవ్విన గొయ్యి అది. మూతి ఇరుకు, లోపల కుండలా వెడల్పు. కాపలాదారు సాంబయ్య మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి, రాతిపలక పక్కకి జరిపి, అన్నం తినొస్తానని పాకకి వెళ్ళాడు.

మే నెల, మధ్యాహ్నం మూడు. తోటలో గాలి లేదు. రాలి కుళ్ళిన కాయల తియ్యటి కంపు. ఆకుల కింద అప్పటికే సాయంత్రమైనట్టుంది.

"ఈ ఒక్కటీ వదిలేద్దాంరా" అన్నాడు జోజి.

"ఏంట్రా, కొత్తపెళ్ళికొడుకులా వణుకుతున్నావ్? దిగేది నేను. నువ్వు పైన నిలబడితే చాలు."

లాంతరు ముందు దించాం. అది ఆరలేదు, అంటే లోపల గాలి బాగానే ఉందన్నమాట. తాడు మామిడి మొదలుకి కట్టాం. మరోసారి వాడికి చెప్పాను. "నేను పిలుస్తుంటా, నువ్వు పలుకుతుండు. నేను పిలవడం ఆపితే గాలి చెడిందని అర్థం. సాంబయ్యని కేకేసి లాగెయ్. నా ప్రాణం నీ చేతుల్లో ఉందిరోయ్." నవ్వుతూనే అన్నాను. వాడు నవ్వలేదు.

రెండు నిలువుల లోతు. అడుగున ఎర్రమన్ను, మెత్తగా, చల్లగా. బయట అంత ఎండలో ఆ మన్ను తడిగా ఎందుకుందో నాకర్థం కాలేదు. టేపుతో వెడల్పు కొలవడం మొదలుపెట్టాను.

"ఉన్నావా?"

"ఉన్నా."

పైన మూతిలోంచి కనబడే వెలుతురు మసకబారింది. దూరంగా ఉరుము. ఆ తర్వాత ఒక్కసారిగా గాలి లేచింది. కాయలు దబదబా రాలుతున్న చప్పుడు. ఒక కాయ లోపలికి పడి నా కాళ్ళ దగ్గర పగిలింది.

"జోజీ, గాలివానరా! ఉన్నావా?"

"ఉన్నా."

"వచ్చేస్తున్నా, తాడు పట్టుకో!"

"ఉన్నా."

"పట్టుకోరా అంటే..."

"ఉన్నా."

అప్పుడు గమనించాను. పైన అంత హోరు... కాయల చప్పుడు, కొమ్మల చప్పుడు... వాడి గొంతు మాత్రం అరవడం లేదు. మామూలుగా అంటోంది. పక్కన కూర్చున్నవాడు అన్నట్టు.

లాంతరు రెపరెపలాడింది. ఆరిపోయింది.

నేను పిలవలేదు. నోరు గట్టిగా మూసుకున్నాను.

"ఉన్నా..."

పైనుంచి కాదు. నా వీపు వెనకనుంచి.

తాడు అందుకుని ఎగబాకాను. అరచేతులు ఒరుసుకుపోయాయి. సగం ఎక్కాక పట్టు జారింది. కిందికి జారుతున్నాను. అప్పుడు నా అరికాలి కింద ఏదో ఆనింది. గట్టిగా, చల్లగా. గోడ ఎక్కేవాడికి కిందివాడు భుజం ఇచ్చినట్టు. అది నన్ను పైకి ఎత్తింది.

మూతి దగ్గర ఎవరూ లేరు. వాన మొదలైంది. తల మీద గోనెసంచి కప్పుకుని సాంబయ్య పరిగెత్తుకొచ్చాడు.

"మీరింకా ఇక్కడే ఉన్నారేంటండీ?"

"జోజిబాబుగారేరి?"

"ఆరా? మీరు దిగిన కాసేపటికే సైకిలెక్కి ఎళ్ళిపోయారండీ. నేను పాక కాడ్నించి చూసేను. గాలి అప్పటికింకా లేవనేలేదు."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారగానే ముసునూరు వెళ్ళాను. వాడు వరండాలో బూట్లు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చొక్కా పట్టుకుని అడిగాను, నన్ను చావమని వదిలేసి ఎలా పోయావురా అని. వాడు విడిపించుకోలేదు.

"నిన్నొక్కరోజే కాదు రాఘవయ్యా" అన్నాడు. "మొదటి చోటు తప్ప ఎక్కడా నేను నిలబడలేదు. తాడు చెట్టుకి కట్టేసి టీకొట్టు దాకా పోయేవాణ్ణి. నువ్వొచ్చే వేళకి మళ్ళీ అక్కడుండేవాణ్ణి."

"అబద్ధం. నువ్వు పలికేవాడివి."

వాడు గొంతు తగ్గించాడు. ఇంట్లోవాళ్ళు వింటారని కాదు, మరెవరో వింటారన్నట్టు.

"మొదటి చోట నువ్వు 'ఉన్నావా' అన్నావు. నేను నోరు తెరవకముందే నా పక్కనుంచి ఎవరో 'ఉన్నా' అన్నారు. ప్రభువు సాక్షి. ఆ తర్వాత నేను ఇంకెక్కడా నిలబడలేకపోయాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆపేస్తావేమో, నేను పిరికివాణ్ణని అందరికీ తెలుస్తుందేమో అనుకున్నా. నిన్ను ఏమీ చెయ్యట్లేదు కదా... పలుకుతోంది, అంతేగా."

అది నా తాడు రెండో కొసన నిలబడిందని తెలిసీ రెండేళ్ళు నన్ను దానికి అప్పగించాడు. వాడు పారిపోయినందుకు నాకంత కోపం రాలేదు. భయం ఎవరికైనా భయమే. ప్రతిసారీ తిరిగొచ్చి, నా భుజం మీద చెయ్యేసి, నాతో టీ తాగి, నేను మెచ్చుకుంటే నవ్వినందుకు ఏడుపొచ్చింది. వాడి గుమ్మంలోనే ఏడ్చాను. మళ్ళీ వాడితో మాట్లాడలేదు.

నేరుగా రీడింగ్ రూముకి వెళ్ళాను.

"ఆ ముప్పై ఒక్క చుక్కలూ కొట్టెయ్యండి మాస్టారూ. ఇద్దరం నిలబడలేదు. నేనొక్కణ్ణే" అన్నాను.

నారాయణరావుగారు కళ్ళజోడు సర్దుకుని పెట్టె తెరిచారు. కార్డులు బల్ల మీద పరిచారు.

"ఒక్కడివేంటయ్యా? సంతకాలు రెండున్నాయి. మూడో మనిషి వేలిముద్ర కూడా ఉంది. తోట కాపలావాడి చేత వేయిస్తున్నారనుకున్నాను."

ప్రతి కార్డు మీదా, జోజి సంతకం కింద, ఎర్రమట్టితో బొటనవేలి ముద్ర. ముప్పై ఒక్క కార్డుల మీదా ఒకటే ముద్ర. మధ్యలో అడ్డంగా తెగిన గీత ఉన్న వేలు.

నా చొక్కా జేబులో పాతర కార్డు ఇంకా అలాగే ఉంది. నిన్న మధ్యాహ్నం నుంచి దాన్ని బయటికి తియ్యలేదు. నేను సంతకం చెయ్యలేదు, జోజి చెయ్యలేదు. తీసి చూశాను.

జోజి పేరు రాయాల్సిన చోట ముద్ర ఉంది. మట్టి ఇంకా తడిగా ఉంది.