స్పిరిట్ డబ్బా ముక్కులో జాలీ

మరియమ్మ డిటెక్టివ్ ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. నరసరావుపేటలో పెళ్ళిళ్ళకు గ్యాసు లైట్లు అద్దెకిచ్చే జానకిరామయ్య కొట్లో ఆమె భర్త కృపానందం పనివాడు. నిన్న మిట్టమధ్యాహ్నం పెరట్లో లైట్లు వెలిగించి చూస్తుండగా స్పిరిట్ డబ్బా పేలి అతని చేతులు కాలాయి, ఆసుపత్రిలో ఉన్నాడు. తాగి పని చేశాడని, ఇక కొట్టు గడప తొక్కొద్దని యజమాని అన్నాడు.

"ఆయన కల్లు ముట్టడయ్యా. ఈ మాట నిలిచిపోతే పేటలో ఇంకెవరూ పనియ్యరు."

డిటెక్టివ్ సుందరరావు కోటు అందుకున్నాడు, గ్రేసమ్మ నోటుబుక్కు అందుకుంది. పెళ్ళయి నలభై రోజులు. కాలేజీ చదువంతా భర్త వెనక నడుస్తూ రాసుకోవడానికి పనికొస్తున్నందుకు ఆమెకు మహా సంబరం. దారిలో ఆయన కొనిచ్చిన సోడాలో గోలీ టప్పున లోపలికి పడితే దానికీ నవ్వింది.

కొట్లో సుందరరావు పగిలిన డబ్బాను అటూ ఇటూ తిప్పి చానాసేపు చూశాడు. పొద్దున తన కొత్త చీరను అందులో సగంసేపు కూడా చూడలేదు. రేకు డబ్బా మీద గ్రేసమ్మకు కడుపు మండింది.

మిగతా డబ్బాల ముక్కుల్లో సన్నటి ఇత్తడి జాలీ ఉంది. దీనికి లేదు. అడుగున ఎర్రటి పొడి అంటుకుని ఉంది.

జాలీ ఎందుకని అడిగితే జానకిరామయ్యా, మిగిలిన ఇద్దరు పనివాళ్ళూ ఒకటే చెప్పారు, నలుసులు పడకుండా అని. లైట్లలో వెలిగే సన్నటి వలసంచులు, పట్టు మాంటిళ్ళు కట్టే గురవయ్య, కృపానందంతో తనకు ఏడాదిగా మాటల్లేవని దాచకుండా ఒప్పుకున్నాడు. అతని వేళ్ళు మల్లెల్లా తెల్లగా ఉన్నాయి. మరక పడితే మాంటిల్ పాడవుతుందట. రెండో పనివాడు పేతురు ఇటుకపొడితో లైటు తోముతూ, పాపం కృపానందం, అన్నాడు. పెళ్ళికొడుకు ముందు నడిచే లైటు మూడేళ్ళుగా కృపానందానిదేనని, శాలువా అతనికే కప్పుతారని జానకిరామయ్య చెబుతుంటే పేతురు చేతిలో గుడ్డ ఆగింది. ఆ మొహం గ్రేసమ్మ గుర్తుపట్టింది. ఇందాక డబ్బాను చూసినప్పుడు తనదీ అదే మొహం.

సుందరరావు మరియమ్మతో సహా అందరినీ పెరట్లోకి పిలిచి, పళ్ళెంలో కాస్త స్పిరిట్ పోసి అంటించాడు. ఎండలో ఏమీ కనబడలేదు. ఆరిపోయిందనుకుని జానకిరామయ్య చెయ్యి పెట్టి చప్పున వెనక్కి తీశాడు. పళ్ళేన్ని నీడలోకి జరిపి పైన జాలీ పట్టుకుంటే నీలం మంట కిందనే ఆగిపోయింది.

"ఆవిరి దూరుతుంది, మంట దూరదు. చల్లటి ఇత్తడి ఆ సన్న కన్నాల్లో వేడిని లాగేసుకుంటుంది. వేడి పోతే మంట చచ్చిపోతుంది. లైటు వేడెక్కడానికి స్పిరిట్ పోసి అంటించే కప్పు ఆరిందనుకుని కృపానందం మళ్ళీ పోశాడు. ఎండలో ఆ మంట ఎవరికీ కనబడదు, తాగినా తాగకపోయినా. జాలీ ఉంటే ముక్కు దగ్గరే ఆగేది."

"మరి పీకిందెవరు?" అన్నాడు గురవయ్య.

"అది నలుసులకేనని నమ్మినవాడు. డబ్బాలో ఇటుకపొడి పోశాడు. జాలీ ఉంటే పొడి బయటికి రాదు, అందుకని పీకాడు. పొడి కప్పులో పేరుకుంటే లైటు వేడెక్కదు, పెళ్ళికొడుకు ముందు పొగ కక్కుతుంది. ఇక్కడ ఇటుకపొడి ముట్టేది ఒక్కడే."

పేతురు మొలలోంచి జాలీ తీసి మరియమ్మ చేతిలో పెట్టాడు.

"మూడేళ్ళు వాడి ఎనకాలే నడిచానమ్మా. వాడి లైటు గుడ్డిదవ్వాలనుకున్నా గానీ, చేతులు కాలాలనుకోలా."

మరియమ్మ గుప్పిలి మూయలేదు. జాలీ కింద పడింది.

తాగాడన్న మాట తప్పని జానకిరామయ్య నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. చేతులు మానేదాకా జీతం ఇంటికే వస్తుందని, ఈసారి ముందు లైటు గురవయ్య పట్టినా శాలువా ఆసుపత్రికే వెళ్తుందని చెప్పాడు. పేతురును ఠాణాకు తీసుకెళ్ళారు.

తిరుగుదారిలో గ్రేసమ్మ కొంగు వెనక్కి దాచుకుని అడిగింది.

"ఏమండీ, నా చీర అంచేంటో చెప్పండి చూద్దాం."

"మామిడి పిందెలు," అన్నాడాయన తల తిప్పకుండానే. "కుడివైపు ఒక పిందెకు కాడ లేదు."

ఆమె గబగబా వెతికింది. నిజమే, లేదు.