రిజిస్టరులో మామగారి పేరు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఎవరికీ తీరిక ఉండదు. కోడలు రబ్బరు బ్యాండు పళ్ళ మధ్య పట్టుకుని కూతురికి జడ వేస్తోంది. ఎనిమిదేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. జడ వేయించుకుంటున్నంత సేపూ దాని నోరు మూతపడదు. భర్త స్నానాల గదిలో ఉన్నాడు. ఆ తలుపు బయట మామగారు నిలబడి ఉన్నారు.

"ఏరా, బాగానే ఉన్నావా?" అంటూ తలుపు మీద వేలితో కొట్టారు.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. "స్నానం చేస్తున్నాను నాన్నా."

"సరే సరే. ఊరికే అడిగాను."

నిమిషం తిరక్కుండానే ఆయన వేలు మళ్ళీ తలుపు మీద పడింది. మూడు నెలలుగా ఇదే వరస. అంతకు ముందు ఒకరోజు పిచ్చుక ఆ గదిలో కాలు జారి "తాతా" అని అరిచింది. మోచేయి కాస్త గీరుకుపోయింది, అంతే. పిల్ల సాయంత్రానికే మరిచిపోయింది కానీ తాత మాత్రం మామూలు మనిషి కాలేకపోయారు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచేవారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి రోడ్డు దాటాలంటే కాళ్ళు వణికేవి. ఏమైందని కొడుకు అడిగితే, "నాకేమవుతుందిరా" అని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవారు.

కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏది ఆగిపోయినా మూత తీసి లోపల ఏముందో చూస్తే తప్ప మనసు నిలవదు అతనికి. తండ్రి విషయంలో ఆ మూత ఎక్కడుందో దొరక్క సతమతమవుతున్నాడు.

కోడలి బాధ వేరు. ఆ మూత ఎక్కడుందో ఆమెకి తెలుసు. తెలిసినా నోరు విప్పడానికి లేదు.

ఆమె తొమ్మిదేళ్ళుగా ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో ముందు బల్ల దగ్గర పనిచేస్తోంది. వచ్చినవాళ్ళ పేరు రిజిస్టరులో రాయడం, మొదటి రోజు పత్రం చదివి వినిపించి సంతకం తీసుకోవడం, ఫైళ్ళు అల్మారాలో పెట్టి తాళం వేయడం ఆమె పని. ఆరు వారాల కిందట ఒక గురువారం, వరసలో నాలుగో మనిషి బల్ల ముందుకి వచ్చాడు. ఆమె తల ఎత్తకుండానే పేరు అడిగింది.

"నా పేరు నీకు తెలుసు కదమ్మా," అన్నారు మామగారు.

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. ఆయన మొహం కడిగేసిన పలకలా ఉంది. ఏమీ అడగకుండా ఆమె పేరు రాసుకుంది. అందరికీ చదివినట్టే పత్రం చదివింది. ఇక్కడ చెప్పుకున్నది ఈ నాలుగు గోడలు దాటదని, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందని అనిపిస్తే మాత్రం కౌన్సెలర్ చూస్తూ ఊరుకోరని చెప్పింది. తనకి మాత్రం వచ్చినవాళ్ళు ఎవరో తప్ప, లోపల ఏం మాట్లాడుకుంటారో తెలియదని, వచ్చారన్న సంగతి కూడా తను ఎక్కడా అననని చెప్పింది.

"ఇంట్లో కూడానా?" అని అడిగారాయన.

"ఇంట్లో కూడా మావయ్యా."

ఆయన సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి ప్రతి గురువారం పాత స్నేహితుడి దగ్గరికని ఇంట్లో చెప్పి వచ్చేవారు. ఇద్దరూ ఒకే ఇంట్లో తిరుగుతూ ఆ సంగతి ఎత్తేవారు కాదు. ఆమె మాత్రం, ఆయన గదిలో చప్పుడు లేకపోతే ఏదో వంకన వెళ్ళి చూసి వచ్చేది. మందుల డబ్బాలో మాత్రలు లెక్కపెట్టేది. ఫోను మోగితే చేతిలో పని వదిలేసి పరిగెత్తేది.

ఆరో గురువారం భర్త పని ఆ వీధిలోనే పడింది. ఎదురు భవనంలో లిఫ్టు గదిలోంచి దిగి చేతులు తుడుచుకుంటుంటే, సెంటర్ మెట్లు దిగుతున్న తండ్రి కనిపించాడు. తరవాతి బుధవారం దాకా అతను ఆ మాట కడుపులోనే దాచుకున్నాడు. ఆ సాయంత్రం వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతుంటే తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"మా నాన్న మీ దగ్గరికి వస్తున్నాడా?"

ఆమె గిన్నె కింద పెట్టింది. "ఎవరు వస్తారో ఎవరు రారో నేను చెప్పకూడదండీ."

"నేను కళ్ళారా చూశాను."

"చూస్తే చూశారు. నేను మాత్రం చెప్పను."

అతని మొహం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ తను పిచ్చివాడిలా డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటే పక్కనే ఉండి ఎలా చూస్తూ ఊరుకున్నావని నిలదీశాడు. రోజూ ఒకే పక్క మీద పడుకుని ఇంత దాచిన మనిషి ఇంకెన్ని దాచిందో అన్నాడు. ఆ మాటకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అల్మారా తాళం నీ దగ్గరే ఉంటుందిగా," అని గొంతు తగ్గించాడు. "ఒక్క కాగితం. ఆయన ఏం చేసుకుంటాడోనని నాకు భయంగా ఉంది. రేపు జరగరానిది జరిగితే మీ పత్రం వచ్చి జవాబు చెప్తుందా? నేను ఆయన కొడుకుని."

"మీకున్న భయం నాకు లేదనుకుంటున్నారా?" అంది ఆమె. "నన్ను నమ్మి మాట తీసుకున్న మనిషి ఆయన. మీ కోసమే అయినా ఆ తాళం తీస్తే, రేపటి నుంచి ఆ బల్ల దగ్గర ఎవరికి ఏమని చదివి వినిపించను?"

అతను విసురుగా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇద్దరూ చెరో వైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు గురువారం. ఆమె అందరికంటే ముందు సెంటర్‌కి వెళ్ళింది. రోజూలాగే అల్మారా తెరిచి, ఆ రోజు రావలసిన వాళ్ళ ఫైళ్ళు బయటికి తీసింది. మామగారిది మూడోది. సన్నగా, తేలిగ్గా ఉంది. అల్మారా నుంచి కౌన్సెలర్ బల్లకి పది అడుగులు. ఆ పది అడుగుల్లో ఆమె రెండుసార్లు ఆగింది. బొటనవేలు అట్ట అంచు కిందికి వెళ్ళింది కూడా. భవనంలో ఎవరూ లేరు. చూసినట్టు ఎవరికీ తెలియదు. మామగారికైతే అసలే తెలియదు.

వేలు వెనక్కి తీసుకుని, ఫైలు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడింది. కాసేపటికి వచ్చిన కౌన్సెలర్ ఆమె మొహం చూసి తలుపు వేశారు. ఎవరి పేరూ ఎత్తకుండా, భయంగా ఉంది మేడమ్ అని మాత్రం చెప్పింది ఆమె. కౌన్సెలర్ కూడా ఎవరి పేరూ అడగలేదు.

"ఎవరి గురించీ నేనేమీ చెప్పను, నీకు తెలుసు. ప్రాణం మీదికి వస్తుందనిపిస్తే మాత్రం సంబంధించిన వాళ్ళకి ఫోను చేయకుండా ఒక్క గంట కూడా ఆగను. ఇప్పటిదాకా నీకు నా ఫోను రాలేదంటే దాన్నిబట్టి ఏదో ఊహించుకోమనడం లేదు. నా పద్ధతి గుర్తుచేస్తున్నానంతే."

దానితో ఆమె భయం పోలేదు కానీ, లేచి ముందు బల్ల దగ్గరికి వెళ్ళి రిజిస్టరు తెరిచింది.

పదకొండుకి మామగారు వచ్చారు. సంతకం పెడుతూ, నిన్న మీ మాటలు నా గది దాకా వినిపించాయమ్మా అన్నారు నెమ్మదిగా. మీ టైమయింది మావయ్యా, లోపలికి వెళ్ళండి అంది ఆమె. ఆ రోజు ఆయన మామూలుకంటే చాలాసేపు లోపలే ఉన్నారు.

సాయంత్రం కొడుకు పనినుంచి రాగానే ముందుగదిలో కూర్చోమన్నారు. కోడలు పిల్లని తీసుకుని పక్కకి వెళ్ళబోతే, నువ్వూ ఉండమ్మా అన్నారు. పిచ్చుకని కింద అంతస్తు వాళ్ళింటికి ఆడుకోవడానికి పంపారు.

"మీ అమ్మ పోయిన రోజు నేను బజారుకి వెళ్ళానని చెప్పాను కదా. వెళ్ళలేదురా. ఈ కుర్చీలోనే ఉన్నాను."

కొడుకు తల ఎత్తి ఆ కుర్చీ వైపు చూశాడు.

"స్నానాల గదిలోంచి పిలిచింది. పొద్దున్నుంచి అప్పటికే పదిసార్లు పిలిచింది, టవలనీ చెప్పులనీ. విసుగొచ్చింది. రేడియో గట్టిగా పెట్టాను. అరగంట తరవాత వెళ్ళాను. అప్పటికే నేల మీద ఉంది."

ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు, ఏం చేయగలం అని కొడుకు రెండేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాడు. తనకి తను చెప్పుకున్న ఓదార్పూ అదే. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కోడలు మామగారి పక్కన కూర్చుని ఆయన చేతులు పట్టుకుంది. బస్సెక్కితే ఇంకో సెంటర్ ఉందని, ముందు అక్కడికే వెళదామనుకున్నానని చెప్పారు.

"మరి ఇక్కడికే ఎందుకొచ్చారు మావయ్యా?"

"అక్కడ బల్ల దగ్గర కూర్చునే మనిషి ఎలాంటిదో నాకేం తెలుసు తల్లీ? నువ్వు ఎలాంటిదానివో తెలుసు."

తొమ్మిదేళ్ళలో ఆ ఉద్యోగం గురించి ఎవరూ ఆమెతో ఒక్క మంచి మాట అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కొడుకు తిరిగి వచ్చేసరికి గంట దాటింది. పాదాల నిండా దుమ్ము. తండ్రి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"కోపం లేదని అబద్ధం చెప్పను నాన్నా. కానీ అమ్మ ఫోను చేస్తే పనిలో ఉన్నానని ఎన్నిసార్లు పెట్టేశానో. పని లేని రోజుల్లో కూడా." పాదం మీది దుమ్ము తుడుచుకున్నాడు. "ఏం వస్తోంది అప్పుడు, రేడియోలో?"

"గుర్తులేదురా. ఎంత తలుచుకున్నా గుర్తురావడం లేదు."

ఆ మాటకి కొడుకు తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయన చేయి కాసేపు గాలిలోనే ఆగి, ఆ తల మీద వాలింది. కొడుకు మొహం ఎత్తకుండానే భార్య వైపు చేయి చాపాడు. నిన్న అన్న మాటలకి క్షమాపణ చెప్పబోతే, తరవాత చెబుదురు గాని అని ఆమె ఆ చేతిని ఒకసారి నొక్కి వదిలి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

మెట్ల మీద పిచ్చుక ఎదురైంది. తలుపు సందులోంచి తొంగి చూడబోయింది.

"అమ్మా, నాన్న ఎందుకు ఏడుస్తున్నాడు?"

ఆమె కూతురి భుజం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పింది.

"నాన్ననే అడుగు బంగారం. చెప్పాలనిపించినప్పుడు ఆయనే చెబుతాడు."