గోల్‌కీపర్ ముఖం ఎవరు చూశారు?

నారాయణగూడలో కిషన్ రావు ఆటసామాన్ల దుకాణం ముందు ఆ ఆదివారం జనం విరగబడ్డారు. ‘రాష్ట్ర మహిళా హాకీ జట్టు గోల్‌కీపర్ కుమారి భాను ఆటోగ్రాఫులు ఇచ్చును’ అని బ్యానర్ కట్టి ఉంది. బ్యానర్‌కీ జనానికీ ఏ చుట్టరికమూ లేదు. భాను కుర్చీకి సరిగ్గా పైన టీవీ ఉంది, టీవీలో క్రికెట్ ఉంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు, కాకపోతే మూరెడు పైకి.

ఆటోగ్రాఫ్ అడిగిన నాథుడు లేడు. “జర వంగమ్మా, స్కోరు కనబడ్తలేదు” అన్న నాథులు మాత్రం బోలెడుమంది.

పక్కనే తండ్రి రామచంద్రం గారు. కరెంటాఫీసు గుమాస్తా కాబట్టి షాకులివ్వడం ఆయనకు కొట్టిన పిండి. మొన్న ఫైనల్లో జట్టు ఓడాక తప్పంతా భానుదేనని ఊరంతా గోల పెట్టింది. పడిన గోల్ ఒక్కటే, పడని గోల లేదు. దాంతో ఆయన షరతు పెట్టారు: ఇవాళ ఒక్కరైనా నీ కోసం వస్తే ఆడుకో, రాకపోతే హాకీ బంద్, టైపింగ్ క్లాసుకు పో.

“ఇంక లేద్దామా బిడ్డా?”

“జర ఆగు నాన్నా.”

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఎల్లేష్ వచ్చాడు. పాలమూరు పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ సర్కారు పోస్టు కోసం చదువుతున్నాడు. సాయంత్రాలు మాత్రం గోల్‌పోస్టుకే అంకితం. భాను ఆడిన ప్రతి మ్యాచూ గోల్ వెనకే నిలబడి చూశాడు. ఆమె వీపు అతనికి కంఠతా వచ్చు. ముందువైపు ఎప్పుడూ హెల్మెట్ ఉంటుంది గనక, ముఖం సిలబస్‌లో లేదు.

“అక్కా, భాను మేడం ఇంకా రాలేదా?” అన్నాడు భానుతో.

రామచంద్రం గారు నోరు తెరిచారు. భాను మోచేత్తో పొడిచి మూయించింది.

“వస్తే గుర్తుపడ్తవా?”

“ఏం మాట్లాడుతున్నవక్కా. లక్షమందిల ఉన్నా పడ్త.”

“ఫైనల్ల గోల్ ఇడిచిపెట్టిందట గద. గసొంటామె ఆటోగ్రాఫ్ ఎందుకు నీకు?”

ఎల్లేష్ ముఖం ఎర్రబడింది. “ఎవడన్నడు? మనోళ్లందరు గోల్ గొడ్తమని ముందట్కి ఉరికిన్రు. ముగ్గురొస్తే ఆమె ఒక్కతే ఏం జేస్తది? రెండు సార్లు ఆపింది, కిందపడి గూడ ఆపింది. మూడోది పోయింది. ఆపినయి ఎవ్వడు చూడలె. నేను ఎనకనే ఉన్న, చూసిన. గదే చెప్పి పోదామని వచ్చిన.”

భాను తల వంచుకుంది. రామచంద్రం గారు కళ్లద్దాలు తీసి, శుభ్రంగా ఉన్నవాటినే తుడవసాగారు. ఫైనల్‌కు ఆయన రాలేదు. తీర్పు మాత్రం ఇంట్లో కూర్చునే ఇచ్చారు.

“పిల్లగా, ఇంతసేపు నువ్వు ముచ్చట పెట్టింది ఎవరితోననుకున్నవ్?” అన్నారు చివరికి.

భాను బల్లమీది హెల్మెట్ తీసి తలకు పెట్టుకుంది. “ఇప్పుడు?”

ఎల్లేష్ గబుక్కున చేతులు జోడించాడు. “నమస్తే మేడం.”

హెల్మెట్ ఊచల వెనక భాను నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఆ సౌకర్యం ఒక్క గోల్‌కీపర్లకే ఉంది.

“ఒక్కరు రావాలంటిని, వచ్చిండు. వచ్చినోడు మొఖమే గుర్తుపట్టకపాయె. లెక్కల వెయ్యాల్నా వద్దా?” అన్నారు రామచంద్రం గారు.

“ఆట గుర్తుపట్టిండు గద నాన్నా,” అంది భాను.

ఆయన గ్లౌజులూ ప్యాడ్లూ కుక్కిన కిట్ బ్యాగ్ ఎత్తి ఎల్లేష్ భుజాన వేశారు. “ఇన్నేండ్ల సంది నేనే మోస్తున్న. రేపు పొద్దుగాల ప్రాక్టీస్ ఉన్నది దీనికి, నా నడుము పనిజేస్తలేదు. చిక్కడపల్లిల మా ఇంటి దాంక పట్టు.”

దారంతా ఇద్దరూ ముందు, ఆయన వెనక. చినుకులు మొదలయ్యాయి.

“బరువున్నదా?” అంది భాను.

“లేదు మేడం.” బ్యాగు కింద ఎల్లేష్ ఇంగ్లీషు ప్రశ్నార్థకంలా వంగి ఉన్నాడు. “మీ ఇల్లు ఇంకెంత దూరం?”

భాను తన ఇంటి గేటును చూసింది. చూసి, దాటి నడిచింది.

“చాన దూరమున్నది, పా.”

రామచంద్రం గారు ఏమీ ఎరగనట్టు గేటు తీసుకుని లోపలికి పోయారు.