ఛాతీ మీద గేర్‌బాక్స్

ఆమె భయమల్లా ఒక్కటే. మామగారి నడుములాగే తన భర్త నడుమూ విరిగిపోయి, ముప్పై ఏళ్ళు నిండకుండానే మంచాన పడతాడేమోనని.

మామగారు ఒకప్పుడు పేరున్న మెకానిక్. లారీ కింద వెల్లకిలా పడుకుని, బోల్టులు విప్పి, గేర్‌బాక్సును ఏకంగా ఛాతీ మీదికే దించుకునేవాడు. ఇప్పుడు గోడ పట్టుకోనిదే నాలుగడుగులు వేయలేడు. అయినా భర్త కూడా పనిచేసే ఆ షెడ్డులో మొనగాడంటే ఇప్పటికీ అలా దించినవాడే... ఆ బరువు మోయడానికి యజమాని కొన్న జాకీ మూలన దుమ్ము పట్టి ఉంది. దాన్ని ముట్టుకున్నవాణ్ణి "బాలింతరాలు" అని ఏడిపిస్తారు.

ఆ ఉదయం ఏడుస్తున్న పాపను ఎత్తుకోబోయి భర్త సగంలోనే ఆగిపోయాడు. ముఖమంతా చెమటలు...

"పాపను అందుకో," అన్నాడు మెల్లగా.

ఆమె పరుగున వచ్చి బిడ్డను లాక్కున్నంత పని చేసింది. "ఆ జాకీ వాడండీ అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"వాడితే నాన్న పేరు పోతుందే."

పక్కగదిలోంచి మామగారు గోడ పట్టుకుని వచ్చాడు. అంతా విన్నాడని ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మాయ్, నన్ను కాస్త షెడ్డు దాకా నడిపించమ్మా," అన్నాడాయన. "నువ్వూ రారా."

షెడ్డులో ఆయన కొడుకును లారీ కిందికి పోనివ్వలేదు. మూలనున్న జాకీని లాక్కురమ్మని కుర్రాళ్ళకు చెప్పాడు.

"ఏం మేస్త్రీ, నువ్వూ బాలింతవయ్యావా?" అన్నారెవరో నవ్వుతూ.

"అయ్యానురా. బాలింతైతే కొన్నాళ్ళకు లేచి తిరుగుతుంది. నేను ఇక తిరగలేను."

ఆయనే దగ్గరుండి జాకీని సరిగ్గా గేర్‌బాక్సు కిందికి జరిపించి, పక్కనుంచే కుర్రాళ్ళ చేత బోల్టులు విప్పించాడు. బరువంతా ఇనుము మీదికి దిగింది. కింద ఏ మనిషీ లేడు.

"మామయ్యా, మీ పేరు..." అందామె.

"పేరు వచ్చి నా మనవరాలిని ఎత్తుకుంటుందా తల్లీ?"

ఇన్నేళ్ళు సంపాదించుకున్న గొప్పను పదిమందిలో తన చేతులతోనే దించేసుకున్న ఆ పెద్దాయనకు ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో ఆమెకు తెలియలేదు. డాక్టరు చెప్పినన్నాళ్ళూ భర్త ఇంటిపట్టునే ఉన్నాడు, నడుము నిలబడింది. రోజూ మామగారికి కాపడం పెడుతూ, దేవుడితో చెప్పుకోవలసినవన్నీ ఆయన వీపుతోనే చెప్పుకుంటోంది...

అక్కలూ, మీ ఇంట్లోనూ షెడ్డు పనికి వెళ్ళే మనిషి ఉంటే, ఇవాళ ఆయన బూట్లు విప్పుకునేటప్పుడు ఒక్కసారి చూడండి. బాగానే వంగగలుగుతున్నాడా?