మూడో లైను

ఆ వారం ఓదెలు పేరు జైపాల్. మెడలో ఐడీ కార్డు, వీపున బ్యాగు, బ్యాగులో కేబుల్ చుట్టలు, చొక్కా జేబులో టెస్టరు. ఇంటర్నెట్ కనెక్షన్ బిగించడానికి వచ్చినవాడి ముఖం ఎవరూ చూడరు. నెట్ వచ్చిందా లేదా అన్నదే చూస్తారు. గూఢచారికి ఇంతకంటే మంచి వేషం హైదరాబాదు చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

బహదూర్‌పల్లి కాలనీలో ఒక డాబా ఇంటి ముందు బైకు ఆపి బెల్లు కొట్టాడు. పూల కత్తెర చేత్తో పట్టుకుని ఒక పెద్దాయన తలుపు తీశాడు.

"మోడెంలో ఎర్ర లైటు వెలుగుతోందయ్యా."

"వానకు గట్లనే అయితది సార్. పచ్చ లైటు దెచ్చిన."

కోడ్ సరిపోయింది. ఆయన జానకిరామయ్య. కాలనీవాళ్లకు రిటైరైన బ్యాంకు మేనేజరు, నీళ్ల ట్యాంకరు గురించి అసోసియేషన్ మీటింగుల్లో పోట్లాడే మనిషి. ఢిల్లీలో కొద్దిమందికి మాత్రం ఆయన యూనిట్ చీఫ్. బ్రీఫింగ్ ఎప్పుడూ మేడ మీద గులాబీ కుండీల మధ్యే.

"శామీర్‌పేట దాటాక ల్యాబ్ ఉంది, తెలుసుగా?"

"ఎర్కె సార్. పిల్లల మెదడువాపుకు టీకా జేస్తున్నరు."

"దాని తయారీ పద్ధతి మొత్తం దొంగిలించారు. ఫైలు హైవే మీద ఒక కాంప్లెక్సులో, పై అంతస్తులో ఉంది. బోర్డు మీద కన్సల్టెన్సీ. నడిపేవాడు హర్ష. వాడి వెనక విదేశీ ముఠా."

"పోయి వట్టుకొద్దం."

"పట్టుకుంటే హర్ష ఒక్కడే దొరుకుతాడు. కొనేవాడెవడో తెలియాలి. ఎయిర్‌పోర్టులో మనవాళ్లున్నారని భయం, అందుకని నెట్‌లోనే పంపుతాడు. పంపడం మొదలవ్వాలి, అవతలి అడ్రస్ మనకు కనబడాలి, ఆ వెంటనే లైను తెగాలి. సగంలో ఆగిన ఫైలు ఎవరికీ పనికిరాదు. పూర్తిగా వెళ్లిందా, ఆ టీకా వాళ్లదైపోతుంది. మన పిల్లలకే మనం కొనలేని ధరకు అమ్ముతారు."

"నేను లోపలికి వొయ్యేదెట్ల?"

"దర్జాగా వెళ్తావు. ఫ్లైఓవర్ పనులకు జేసీబీలు తవ్వుతున్నాయి కదా, రోజుకో కేబుల్ తెగుతోంది. హర్షకు విసుగొచ్చింది. ఎన్ని కనెక్షన్లున్నా ఒకే రౌటర్‌లో కలిపి పంచే మనిషి కావాలన్నాడు. లోపలున్న మన మనిషి నీ నంబరు ఇచ్చింది."

ఇచ్చింది అన్న మాట దగ్గర ఓదెలు ఆగిపోయాడు.

"దివ్యనా సార్?"

జానకిరామయ్య గులాబీ కొమ్మ వైపు తిరిగి అవునన్నట్టు తలూపాడు.

శ్రీదివ్య కారు దిగితే శామీర్‌పేట స్టాపులో బస్సు డ్రైవర్లు బ్రేకు మీద కాలేసేవాళ్లు. ల్యాబ్ రహస్యాలు మోసుకొచ్చే మనిషని ముఠా ఆమెకు జీతమిస్తోంది. ముఠా రహస్యాలు మోసుకొచ్చేందుకు ప్రభుత్వమూ ఇస్తోంది. రెండేళ్ల కింద ఒక మిషన్ కోసం ఓదెలు, ఆమె జీడిమెట్లలో అద్దె ఇల్లు తీసుకుని మొగుడూ పెళ్లాల్లా నటించారు. మిషన్ అయిపోయింది, ఇల్లు ఖాళీ చేశారు. ఓదెలుకు మాత్రం నటన ఆగలేదు. తనకూ ఆగలేదని ఆమె శామీర్‌పేట చెరువు కట్ట మీద ఒప్పుకుంది. ఈ పని అవగానే ఇద్దరూ రాజీనామా ఇచ్చి పెళ్లి చేసుకోవాలనుకున్నారు. చీఫ్‌కు ఎవరూ చెప్పలేదు, ఆయనకు తెలియకుండానూ లేదు.

"మూడు లైన్లు పెట్టు," అన్నాడు జానకిరామయ్య. "రెండు కేబుళ్లు. వాటిని హర్ష చూస్తుంటాడు. మూడోది సిమ్ కార్డు లైను. అది దివ్యకు మాత్రమే. ఆఫీసులో అందరి ఫోన్లూ రిసెప్షన్‌లో పెట్టించేస్తారు, ఆమె మనతో మాట్లాడాలంటే ల్యాప్‌టాపే దిక్కు. వెనక మెట్లు దిగితే కిందున్న తలుపుకి కార్డు తాళం ఉంది. హర్ష కార్డుకు తప్ప తెరుచుకోదు. ప్రమాదమొస్తే ఆ తాళం నువ్వు నీ ల్యాప్‌టాప్ నుంచి తెరవాలి, అదీ మూడో లైను మీదుగానే. దాన్ని మిగతా రెండింటితో కలపకు."

"కలప సార్."

మరుసటి రోజు ఉదయమే హర్ష ఆఫీసులో పని మొదలైంది. హర్ష సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటాడు. కుర్చీ లాక్కుని ఓదెలు పక్కనే కూర్చున్నాడు.

"ఇది అసలు ఎట్లా పనిచేస్తుంది?"

"మీ అపార్ట్‌మెంట్ల రెండు బోర్లుంటయనుకోండ్రి సార్. రెండింటి నీళ్లు ఒక్క ట్యాంకుల వడ్తయి. ఒక బోరు ఎండినా నల్లా బందుగాదు. గీ రౌటర్ మీ ట్యాంకు."

గోడ మీది టీవీలో నెట్ నుంచి క్రికెట్ నడుస్తోంది. శ్రీదివ్య గాజు తలుపు తోసుకుని వచ్చింది. నెమలికంఠం రంగు చీర, కళ్లద్దాలు నెత్తి మీద.

"కేబుల్ పీకినా ఆగదంటారా, జైపాల్ గారూ?"

ఓదెలు ఒక కేబుల్ పీకాడు. ఆట ఆగలేదు.

"రెండోది కూడా పీకితే?" అన్నాడు హర్ష.

ఆగుతది సార్, అనాలి. అనడానికి ఓదెలు నోరు తెరిచాడు కూడా. అప్పుడే శ్రీదివ్య చేతులు కట్టుకుని, నీ వల్ల కాదులే అన్నట్టు నవ్వింది. జీడిమెట్ల ఇంట్లో గ్యాసు బండ బిగించడం చేతకాక అతను తంటాలు పడుతుంటే నవ్విన నవ్వే అది. మగవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? స్క్రీన్ మీద మూడో లైను ఎదురుగా ఫెయిలోవర్ అన్న గడిలో టిక్కు పెట్టాడు. మిగతావన్నీ చస్తే భారం దీని మీద వెయ్యమని రౌటర్‌కు చెప్పడం అది. పెట్టి, రెండో కేబుల్ కూడా పీకాడు.

ఆట ఆగలేదు. హర్ష అతని భుజం తట్టాడు, శ్రీదివ్య చప్పట్లు కొట్టింది.

కేబుళ్లు మళ్లీ గుచ్చాక, ఎవరూ చూడకుండా ఆ టిక్కు తీసేద్దామనుకున్నాడు. ఇంతలో ఆమె, "రండి, లిఫ్టు దాకా దింపుతాను," అంది. లిఫ్టు తలుపులు మూసుకోగానే అతని వేళ్లు పట్టుకుంది.

"ఓదెలూ."

"మేడం, నా పేరు జైపాల్."

"పెళ్లిచీర కొనడానికి ఎవర్ని తీసుకెళ్లను? జైపాల్‌నా, ఓదెలునా?"

"ఎవల్నన్న తీస్కపో. బిల్లు జానకిరామయ్య సార్‌కు వంపుదాం."

ఆమె పైకే నవ్వేసింది. లిఫ్టు కిందికి వచ్చేసరికి ఓదెలుకు టిక్కు లేదు, రౌటర్ లేదు, దేశం కూడా లేదు. విజిల్ వేసుకుంటూ బైకు తీశాడు. ఇంత పెద్ద సర్వీసులో అతను మరిచిపోయింది ఆ ఒక్క గడే.

రెండు రోజుల తరవాత, మధ్యాహ్నం. చెరువు పక్కన చేపల ఫ్రై బండ్ల వరసలో ఒక కేబుల్ కంపెనీ వ్యాను ఆగి ఉంది. లోపల ఓదెలు, ఒళ్లో ల్యాప్‌టాప్, చెవిలో చీఫ్ గొంతు. హర్ష రౌటర్‌లో ఏం జరిగినా ఇక్కడ తెరమీద కనబడుతుంది.

"మొదలైంది సార్. ఫైలు వోతాంది."

"అడ్రస్?"

"ఇంకా రాలె. ఆగుండ్రి." అంకెలు ఒక్కొక్కటే తేలాయి. "వచ్చింది. వంపిన, జూడుండ్రి."

అవతల కీబోర్డు చప్పుడు. కాసేపటికి జానకిరామయ్య గొంతులో ప్రాణం లేచొచ్చింది. "దొరికాడు. కట్."

ఓదెలు మొదటి లైను ఆపాడు. రెండోదీ ఆపాడు. ఫైలు ఎంతవరకు వెళ్లిందో చూపే పచ్చ గీత నిలిచింది. ఓదెలు ఊపిరి వదిలాడు.

గీత మళ్లీ కదిలింది.

ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. రౌటర్ తప్పేమీ లేదు. రెండు లైన్లు చచ్చాయి, భారం మూడోదాని మీద వేసింది. అతను చెప్పిందే చేస్తోంది.

"సార్, ఫైలు మూడో లైను మీదికి వొయింది."

"ఎలా? దాన్ని కలపొద్దన్నానుగా?"

"కలిపిన సార్," అన్నాడు ఓదెలు. "ఆమె ముందట షోకు జేసిన."

తెర మూలన చిన్న పెట్టెలో శ్రీదివ్య మెసేజి వచ్చింది.

'హర్ష రౌటర్ చూశాడు. మూడో లైనులో వాడి ఫైలు పక్కనే నా ల్యాప్‌టాప్ పేరు కనబడింది. వెనక మెట్ల మీదున్నాను. తలుపు తియ్యి.'

ఓదెలు తాళం బొమ్మ మీద నొక్కాడు. చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఫైలు ఆ సన్నపాటి లైనునంతా నింపేసి పోతోంది, తాళానికి పంపిన మాట దాని వెనక ఇరుక్కుంది. మళ్లీ నొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది.

"టీమ్ ఏడుంది సార్?"

"అలియాబాద్ చౌరస్తా దగ్గర. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. ఓదెలూ, ఆ టిక్కు ఒక్కటీ తీసెయ్యలేవా?"

"తీస్తె రౌటర్ మొత్తం పండుకొని లేస్తది. లేసెదాక తలుపు గూడ రాదు."

ఇక లెక్క చాలా తేలిక. కేబుళ్లు మళ్లీ కలిపితే ఫైలు క్షణంలో పోతుంది. మిగిలింది ఒక్కటే లైను. దాని మీద టీకా బయటికి పోతోంది. ఆమె బయటికి రావాలన్నా దాని మీదుగానే రావాలి. లైను ఉంటే టీకా పోతుంది, తెంపితే ఆమె పోతుంది. చీఫ్ ఆర్డరు ఇస్తాడేమో, ఆ పాపం ఆయన మీద వేసి నొక్కుదామని ఓదెలు చెవి రిక్కించాడు. అవతల ముసలాయన ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

గీత చివరికి వచ్చేసింది. చక్రం తిరుగుతోంది.

'తలుపు తియ్యి, ఓదెలూ.'

నొక్కాడు. తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కాడు. పచ్చ గీతకు ఇంకా వెంట్రుకవాసి ఖాళీ ఉంది. చిన్న పెట్టెలో శ్రీదివ్య మళ్లీ ఏదో టైపు చేస్తున్నట్టు మూడు చుక్కలు ఆడుతున్నాయి. ఓదెలు మూడో లైను ఆపేశాడు.

గీత ఎర్రబడి ఆగింది. చుక్కలు కూడా ఆగాయి.

ల్యాప్‌టాప్ సీటు మీద పడేసి అతను హైవే మీదికి పరుగెత్తాడు. ఆటోలకు అడ్డం పడుతూ, తవ్విన గుంతలు దూకుతూ, ఎవరో తిడుతుంటే వినకుండా పరుగెత్తాడు. కాంప్లెక్సు చేరేసరికి టీమ్ వచ్చింది. హర్షను లిఫ్టు ముందు కింద పడేసి చేతులు విరిచి కడుతున్నారు. పక్కన సైలెన్సర్ తుపాకీ పడి ఉంది. ఆ తుపాకీ చూడగానే ఓదెలు వెనక్కి తిరిగి మెట్ల వైపు వెళ్లాడు.

తలుపును గడ్డపారతో పగలగొట్టారు. ఆవలి పక్క మెట్టు మీద శ్రీదివ్య కూర్చుని ఉంది, ఎవరో ఆలస్యంగా వస్తానంటే ఎదురుచూస్తున్నట్టు గోడకు తల ఆనించుకుని. నెమలికంఠం చీర నడుము దగ్గర నల్లగా తడిసింది. ల్యాప్‌టాప్ ఒళ్లోనే ఉంది. పంపని మెసేజి తెర మీద అలాగే ఉంది. 'ఇటు వస్తున్నాడు. ముందు ఫైలు ఆ' అని ఉంది, అంతే.

ఓదెలు ఆ మెట్టు మీదే కూర్చుని, ఆమెను ఒళ్లోకి తీసుకుని ఏడ్చాడు. గూఢచారులు ఏడవరాదని శిక్షణలో చెప్పారు. చెప్పినవాళ్లెవరికీ శ్రీదివ్య తెలియదు. టీమ్‌లోవాళ్లు తలలు దించుకుని ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయారు.

వారం తరవాత బహదూర్‌పల్లి మేడ మీద జానకిరామయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుండీలకు నీళ్లు పోసినట్టు లేదు, మొక్కలు వాడిపోయాయి. కొనబోయినవాణ్ని వాళ్ల దేశంలోనే పట్టుకున్నారు. ల్యాబ్‌లో టీకా పని ఎప్పటిలాగే సాగుతోంది. అక్కడెవరికీ ఏమీ తెలియదు.

"మూడోది కట్ చెయ్యమని ఆ రోజు నేను అనలేకపోయాను," అన్నాడు. "నీ చేత చేయించాను. నన్ను క్షమించు."

"మీరన్నా, అనకున్నా, తెంపింది నేనే సార్."

చీఫ్ వాడిన కొమ్మ ఒకటి తుంచాడు. తరవాత మెల్లగా, కొడుక్కి నచ్చజెప్పినట్టు అన్నాడు.

"ఢిల్లీవాళ్లు అడుగుతున్నారు, రెండు లైన్లు కట్ చేసినా ఎందుకు ఆగలేదని. రౌటర్ ఫెయిలైందని చెప్తాను. నీ మీదికి ఏమీ రాదు."

ఓదెలు లేచి బ్యాగు భుజాన వేసుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మీద మాత్రం నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది.

"గట్ల జెప్పకుండ్రి సార్. గీ కేసుల ఫెయిల్ గానిది గా రౌటర్ ఒక్కటే."