దిద్దిన డిగ్రీలు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మా ఆఫీసు నేలమాళిగలో ఇద్దరమే ఉన్నాం, నేనూ మా బావా. మిషన్ గది దులిపే పని ఏడాదికోసారి వస్తుంది. బీరువాల్లా వరసగా పన్నెండు పెద్ద కంప్యూటర్లు. సెలవు రోజు కాబట్టి వాటికి పనేమీ లేదు, ఊరికే నడుస్తున్నాయి. బావ లోపల వాటి ముందు జాలీల దుమ్ము తీస్తున్నాడు. నేను బయట అద్దాల క్యాబిన్‌లో తెర ముందు కూర్చున్నాను. మధ్యలో గోడ అడ్డం, అందుకని ఇద్దరం ఫోన్లు స్పీకర్ మీద పెట్టుకున్నాం.

బావ పనిచేసే ఫ్యాక్టరీ మూతపడితే నేనే మాట సాయం చేసి ఇక్కడ చేర్పించాను. ఉద్యోగంలో నా కింద, వరసలో నాకు పైన. ఇక వేళాకోళానికి కొదవేముంది?

"ఇంట్లో మీ అక్క దులిపిస్తుంది, ఇక్కడ నువ్వు దులిపిస్తున్నావు. నా జాతకంలో దుమ్ము తప్ప ఇంకేం రాయలేదేమో మరదలా."

"మాటలు తగ్గించి చెయ్యి ఆడించు బావా. రెండింటికల్లా అన్నానికి పంపకపోతే అక్క నన్ను వండుకు తింటుంది."

అక్కకి బావంటే పంచప్రాణాలు. పొద్దున బయల్దేరేటప్పుడు కూడా, "కరెంటు పనులు, ఆయన్ని కనిపెట్టుకుని ఉండవే" అని నా గడ్డం పట్టుకుని చెప్పింది. సరేనన్నాను.

బావ ఆరో మిషన్ దగ్గరున్నప్పుడు నా తెర కుయ్‌మంది. మూడో మిషన్ ప్రాసెసర్ పదకొండు డిగ్రీలని చూపిస్తోంది.

నాకు నవ్వొచ్చింది. గది ఇరవై నాలుగు డిగ్రీలు. గాలితో చల్లబడే ప్రాసెసర్ ఆ గది కంటే చల్లగా ఉండడం జరిగే పని కాదు. మిగతావన్నీ ముప్ఫై మూడు దగ్గర బుద్ధిగా ఉన్నాయి. అసలు ప్రాసెసర్ లోపల సెన్సర్ పెట్టేదే అది కాలిపోయే ముందు అరవడానికి. తొంభై దగ్గర దాని మాట నమ్మొచ్చు. కింద అంకెల్లో నోటికొచ్చింది చెబుతుంది. పదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, నాకు తెలీదా? మా వాళ్లందరూ చేసేదే నేనూ చేశాను. ఆ మిషన్ పేజీ తెరిచి ఇరవై రెండు డిగ్రీల దిద్దుబాటు కొట్టాను. ముప్ఫై మూడయింది. కుయ్‌మనడం ఆగింది.

రెండు నిమిషాలకి నాలుగో మిషన్ కుయ్‌మంది. పదకొండు. ఇరవై రెండు కలిపాను.

తర్వాత అయిదోది. తిట్టుకుంటూ కలిపాను. తర్వాత ఆరు. తర్వాత ఏడు. వేడి టీ పక్కన చల్లారిపోతుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఒక్కో పేజీ తెరవడం, అంకె కొట్టడం, మూయడం. ఎనిమిది. అదీ దిద్దాను. తొమ్మిది కూడా.

"మరదలా," అన్నాడు బావ ఫోన్లో. గొంతు కాస్త తగ్గింది. "ఏసీ ఎక్కువ పెట్టావా?"

"లేదు. ఇరవై నాలుగే."

"తొమ్మిదో మిషన్ దగ్గరున్నాను. చెయ్యి పెడితే జివ్వుమంటోంది. ఊపిరి పొగలా వస్తోంది."

"ఆ మిషన్ ముప్ఫై మూడు ఉంది బావా. నా కళ్ల ముందు కనిపిస్తోంది. పని ఎగ్గొట్టడానికి కొత్త వంకా ఇది?"

నేను దిద్దిన అంకెనే నేను సాక్ష్యంగా చూపించాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

"అబ్బే, నిజంగా..." అన్నాడు. తర్వాత గుసగుసగా, "ఏదో వాసన. పచ్చి నెత్తురు వాసన."

అప్పుడు అన్ని మిషన్లూ కలిపి చూపించే పేజీకి వచ్చాను. మూడు, యాభై అయిదు. నాలుగు, యాభై అయిదు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది... అన్నీ యాభై అయిదు. నేను దిద్దినవాటిలో తొమ్మిది ఒక్కటే ముప్ఫై మూడు.

లెక్క బుర్రకెక్కడానికి ఒక్క క్షణం పట్టింది. నేను కలిపిన ఇరవై రెండూ తీసేస్తే మూడు నుంచి ఎనిమిది దాకా అన్నీ మామూలుగా ఉన్నాయి. సెన్సర్ చెడితే చెడినట్టే ఉంటుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడవదు. సెన్సర్లన్నీ నిజమే చెప్పాయి. చల్లటిది ఏదో వరస వెంట, ఒక్కో మిషన్ దగ్గరా ఆగుతూ, మా బావ వెనకాలే వచ్చింది. ఇప్పుడు తొమ్మిది దగ్గరుంది.

"బావా, బయటికి రా. అటూ ఇటూ చూడకు. వచ్చెయ్."

ధడ్.

ఇనప తలుపుకి ఏదో గుద్దుకున్న చప్పుడు. మళ్లీ. మూడోసారి చప్పుడులో తడి ఉంది.

ఫోన్ చేతిలోనే పట్టుకుని పరిగెత్తాను. గదిలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. దాక్కోవడానికి అక్కడ చీకటే లేదు. బావ మోకాళ్ల మీద ఉన్నాడు. అతని జుట్టు పైకి నిలబడి ఉంది, పిడికిలి పట్టినట్టు. పట్టుకున్న చెయ్యి మాత్రం లేదు. తల వెనక్కి వెళ్లింది... ముందుకొచ్చి తొమ్మిదో మిషన్ తలుపుని కొట్టింది. ముక్కు పగిలింది. పళ్లు నేలమీద గలగల దొర్లాయి. మళ్లీ వెనక్కి. మళ్లీ ముందుకు.

"వదులు!" అని అరిచాను. ఎవరిని అన్నానో తెలీదు.

కాళ్లు పట్టుకుని లాగాను. అటునుంచి ఏదో లాగింది. బావ కుడి చెయ్యి దానంతటదే పైకి లేచి, వెనక్కి మెలి తిరిగింది. భుజం కీలు ఊడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అతని గొంతులోంచి వచ్చింది మనిషి అరుపులా లేదు. జుట్టు కుదుళ్లతో సహా లేచింది. నెత్తురు నా కళ్లల్లో పడింది. వేడిగా ఉంది. ఆ గదిలో వేడిగా ఉన్నది అదొక్కటే.

గోడకి ఆనించిన ఇనప పట్టీ చేతికందింది. ఏమీ లేని చోట, జుట్టుకి కాస్త పైన, బలమంతా పెట్టి కొట్టాను.

తగిలింది.

తడి బస్తాని కొట్టినట్టు నా మోచేతుల దాకా అదిరింది. ఏడుస్తూ మళ్లీ కొట్టాను. మళ్లీ... ఎముక విరిగింది. ఎవరి ఎముక? తెలీదు. నాలుగో దెబ్బకి జుట్టు వదిలింది. బావ గోనెలా కూలాడు. చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ గుమ్మం దాటాను. తలుపు మూసి తాళం వేశాను. లోపలినుంచి ఎవరో అరచేత్తో తలుపు మీద తట్టారు. మెల్లగా. ఇంట్లో వాళ్లు తట్టినట్టు.

నేను ఆగలేదు.

ఆసుపత్రిలో అతనికి తల మీద ముప్ఫై ఒక్క కుట్లు పడ్డాయి. పక్కటెముకలు రెండు విరిగాయి. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పాక అక్క నన్ను కావలించుకుని ఏడ్చింది. నువ్వు లేకపోతే నా బతుకేమయ్యేదే, అంది. నేను దిద్దిన అంకెల సంగతి చెప్పలేకపోయాను. సిగ్గేసింది, భయమేసింది.

సాయంత్రం అయిదింటికి బావ కళ్లు తెరిచాడు. నన్ను చూడగానే మంచం మీదే వెనక్కి జరగబోయాడు. సెలైన్ గొట్టం ఊడొచ్చింది.

"ఇదెందుకొచ్చింది ఇక్కడికి..." అన్నాడు. పళ్లు లేక మాట గాలిలా వచ్చింది.

"చెల్లేనండీ మిమ్మల్ని బయటికి లాక్కొచ్చింది," అంది అక్క.

"కొట్టిందీ ఇదే."

అక్క నా వైపు చూసింది. "తలకి దెబ్బ తగిలింది కదా అక్కా..." అన్నాను.

"ఇద్దరూ ఇదే," గుసగుసలాడాడు. "జుట్టు పట్టుకుని కొడుతున్నదీ ఇదే. కాళ్లు పట్టుకుని లాగుతున్నదీ ఇదే. ఇద్దరూ ఏడుస్తున్నారు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "లోపల ఎవర్ని ఉంచి తాళం వేశారు?"

లోపలికి పరిగెత్తడం నాకు బాగా గుర్తుంది. పట్టీ ఎత్తి కొట్టడం గుర్తుంది. నేను నేనే కదా.

అక్క ఒళ్లో ఫోన్ మోగింది. తెర మీద 'చెల్లి' అని ఉంది.

జేబులు తడుముకున్నాను. నా ఫోన్ లేదు. ఆ పెనుగులాటలో లోపలే పడిపోయిందన్నమాట. అక్క ఫోన్ ఎత్తింది. ఆ గది నిశ్శబ్దంలో, మంచానికి ఇవతలున్న నాకు కూడా మాటలు వినిపించాయి. నా గొంతే. ఎక్కిళ్లతో.

"అక్కా... బావ బతికే ఉన్నాడా? ముందది చెప్పు. దాంతో ఒంటరిగా వదలకే అతన్ని..."

అక్క లేచి, బావకీ నాకూ మధ్యలో నిలబడింది. ఫోన్ చెవికి ఆనించుకునే, నా మీద నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఎక్కడున్నావే తల్లీ?"